మూలసంకేతం నుంచి సాఫ్ట్‌వేర్ నిర్మాణం – లింకర్ దోషాల నిర్ధారణ: కొల్లేరు పటాల అధ్యయనం ఆధారంగా

వ్యాససంగ్రహం:

నిర్వాహక అధికారం లేని ఉమ్మడి కంప్యూటర్లలో పరిశోధకులు తమకు కావలసిన సాఫ్ట్‌వేర్‌ను మూలసంకేతం నుంచి సొంత డైరెక్టరీలో నిర్మించుకోవలసి వస్తుంది. అప్పుడు ఎదురయ్యే దోషాలను ‘ఏ దశలో, ఏది, దేనికోసం వెతికి విఫలమైంది’ అన్న ఒక్క ప్రశ్నతో వర్గీకరించవచ్చునని ఈ వ్యాసం నిరూపిస్తుంది. కొల్లేరు సరిహద్దు అధ్యయనాలకు ఉపయోగపడే ప్రాజ్, జీడాల్ లైబ్రరీలను ఇందుకు ఉదాహరణగా స్వీకరించింది. దోషసందేశం రాకుండానే వేరొక లైబ్రరీ జతపడటం పరిశోధన ప్రామాణికతకు అన్నిటికంటే హానికరమని చూపి, దానిని గుర్తించే పద్ధతులను సూచిస్తుంది.

కీలకపదాలు: కంపైలర్, లింకర్, లోడర్, లైబ్రరీ, ఆర్‌పాత్, ప్రాజ్, డేటమ్, కొల్లేరు.

1. ఉపోద్ఘాతం

కొల్లేరు సరస్సును 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాధాన్యం గల చిత్తడినేలల జాబితాలో చేరింది. ఐదో కాంటూరు వరకు విస్తరించిన అభయారణ్య పరిధి సుమారు 308 చదరపు కిలోమీటర్లు. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో ఆ పరిధిలోని చేపల చెరువుల గట్లను తొలగించారు. పరిధిని మూడో కాంటూరుకు కుదించాలన్న వాదం ఏళ్లుగా వినిపిస్తూనే ఉంది. కాబట్టి ఏలూరు జిల్లాలోని ముదినేపల్లి, మండవల్లి, కైకలూరు పరిసరాల్లో వరిపొలాలు చెరువులుగా మారిన తీరును ఉపగ్రహ చిత్రాలతో అధ్యయనం చేసే పరిశోధకునికి పటంపై గీత ఎక్కడ పడుతుందన్నది కేవలం సాంకేతిక విషయం కాదు. పది ఎకరాల చెరువు చతురస్రాకారంలో ఉంటే దాని భుజం సుమారు 200 మీటర్లు. గీత అంతమేర జరిగితే ఒక చెరువు మొత్తం సరిహద్దుకు ఒక వైపు నుంచి మరో వైపుకు మారిపోతుంది.

ఈ అధ్యయనంలో పాత సర్వే ఆఫ్ ఇండియా పటాలను నేటి ఉపగ్రహ చిత్రాలతో జతపరచాలి. పాత పటాలకు ఆధారం ఎవరెస్ట్ గోళాభం. ఉపగ్రహ చిత్రాలకు ఆధారం డబ్ల్యూజీఎస్ 84. ఒక ఆధారం నుంచి మరొక దానికి నిరూపకాలను మార్చే లైబ్రరీ ప్రాజ్. పటాల దస్త్రాలను చదివే జీడాల్ లైబ్రరీ నిరూపకాల మార్పిడికి ప్రాజ్‌పై ఆధారపడుతుంది. క్యూజీఐఎస్, గ్రాస్ వంటి ప్రసిద్ధ సాఫ్ట్‌వేర్‌లు ఈ రెండింటినీ వాడుకుంటాయి.

కళాశాల ప్రయోగశాలలోని కంప్యూటర్‌లో ఉబుంటు 22.04 ఉన్నదనుకుందాం. దానితో వచ్చే ప్రాజ్ 8.2 శ్రేణికి చెందినది. పరిశోధకునికి ప్రాజ్ 9.5 కావాలి, నిర్వాహక అధికారం లేదు. కనుక తన హోమ్ డైరెక్టరీలో ‘సాఫ్ట్’ అనే ఉపడైరెక్టరీని ఏర్పరచి, ప్రాజ్‌నూ దానిపై జీడాల్‌నూ అక్కడే నిర్మించుకుంటాడు. ఈ వ్యాసంలోని దోషాలన్నీ ఈ నిర్ణయం తరువాత వచ్చేవే. ఆదేశాలను, దస్త్రాల పేర్లను ఇక్కడ తెలుగు లిపిలో ఇచ్చాం. కీబోర్డుపై వాటిని ఆంగ్లాక్షరాలలోనే టైపు చేయాలి. ఆంగ్లంలో పెద్దబడి, చిన్నబడి అక్షరాల భేదం అర్థాన్ని మార్చే చోట ఆ విషయాన్ని పేర్కొన్నాం.

2. వెతికేవి మూడు, వెతికే చోట్లు వేరు

ప్రోగ్రామ్ తయారై నడిచేలోగా మూడు వేర్వేరు పరికరాలు ప్రాజ్ కోసం వెతుకుతాయి. మొదటిది కంపైలర్. లైబ్రరీలో ఏయే ఫంక్షన్లు ఉన్నాయో తెలిపే హెడర్ దస్త్రం దానికి కావాలి. రెండవది లింకర్. ఆ ఫంక్షన్ల పేర్లు నిజంగా ఉన్న లైబ్రరీ దస్త్రం దానికి కావాలి. మూడవది లోడర్. ప్రోగ్రామ్‌ను నడిపిన ప్రతిసారీ ఆ లైబ్రరీని మెమరీలోకి తెచ్చే బాధ్యత దానిది.

ఈ మూడింటికీ వెతికే చోట్ల జాబితాలు వేర్వేరుగా ఉంటాయి. ప్రామాణిక డైరెక్టరీలు మూడు జాబితాల్లోనూ ముందే ఉంటాయి కనుక అక్కడ స్థాపించిన లైబ్రరీతో చిక్కు రాదు. ‘సాఫ్ట్’ డైరెక్టరీ ఏ జాబితాలోనూ లేదు. ఒకదానికి చెప్పినంత మాత్రాన మిగిలిన రెండింటికీ తెలియదు. సొంత డైరెక్టరీలో నిర్మించేవారి ఇబ్బందులకు ప్రధాన కారణం ఇదే. కనుక దోషసందేశం కనబడగానే ముందుగా తేల్చుకోవలసినది అది ఈ మూడింటిలో దేని నుంచి వచ్చిందన్నది.

3. కంపైలర్ దశ: హెడర్ దొరకకపోవడం

‘ప్రాజ్.హెచ్: నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ’ అన్న సందేశం కంపైలర్‌ది. హెడర్ ఉన్న డైరెక్టరీని హైఫన్, పెద్దబడి ఐ అన్న సూచనతో తెలపాలి. కాన్ఫిగర్ పద్ధతిలో సీపీపీఫ్లాగ్స్ అనే చరరాశి ద్వారా, సీమేక్ పద్ధతిలో సీమేక్_ప్రీఫిక్స్_పాత్ ద్వారా ఈ సమాచారం అందుతుంది. ప్రాజ్ 9.0 నుంచి, జీడాల్ 3.6 నుంచి సీమేక్ పద్ధతి ఒక్కటే మిగిలింది.

ఇదే సందేశం ‘ప్రాజ్_ఏపీఐ.హెచ్’ అన్న పేరుతో వస్తే కారణం వేరు. ఆ పాత హెడర్‌ను ప్రాజ్ 8.0లో పూర్తిగా తొలగించారు. ఎన్ని డైరెక్టరీలు చూపినా అది దొరకదు. వాడుతున్న సాఫ్ట్‌వేర్‌లో కొత్త సంచికను తీసుకోవడమే పరిష్కారం. సందేశంలోని దస్త్రం పేరును పూర్తిగా చదవకుండా దారులు మార్చుతూ పోవడం కాలహరణం.

4. లింకర్ దశ: రెండు భిన్న దోషాలు

లింకర్ నుంచి వచ్చే సందేశాలు ప్రధానంగా రెండు. వీటి భేదాన్ని ఉత్తరం బట్వాడాతో పోల్చవచ్చు. ఊరే దొరకకపోవడం ఒకటి. ఊరు దొరికినా చిరునామాలోని మనిషి అక్కడ లేకపోవడం మరొకటి.

4.1. లైబ్రరీ దొరకకపోవడం: ‘కెనాట్ ఫైండ్’ అంటూ హైఫన్, చిన్నబడి ఎల్, ప్రాజ్ అన్న పేరుతో వచ్చే సందేశం మొదటి రకం. డైరెక్టరీని హైఫన్, పెద్దబడి ఎల్ అన్న సూచనతో తెలపాలి. చెప్పిన తరువాత కూడా దోషం కొనసాగితే రెండు విషయాలు చూడాలి. కొన్ని లినక్స్ పంపిణీలలో లైబ్రరీలు ‘లిబ్’లో కాక ‘లిబ్64’లో చేరతాయి. అలాగే లింకర్ వెతికేది సంఖ్య లేని ‘లిబ్‌ప్రాజ్.ఎస్ఓ’ అన్న పేరును; డైరెక్టరీలో ‘లిబ్‌ప్రాజ్.ఎస్ఓ.25’ మాత్రమే ఉంటే అది లింకర్‌కు కనబడదు.

4.2. ఫంక్షన్ దొరకకపోవడం: ‘అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్’ అన్నది రెండవ రకం. ఇక్కడ కొత్త దారులు చేర్చడం వల్ల ప్రయోజనం తక్కువ. దీనికి తరచుగా కనిపించే కారణాలు మూడు.

మొదటిది, హెడర్ ఒక సంచికది, లైబ్రరీ మరొక సంచికది కావడం. ‘ప్రాజ్_నార్మలైజ్_ఫర్_విజువలైజేషన్’ అనే ఫంక్షన్ 6.1లో చేరింది. కంపైలర్ కొత్త హెడర్‌ను చదివి, లింకర్ 6.1కు ముందరి లైబ్రరీని పట్టుకుంటే ఈ పేరుపై దోషం వస్తుంది. ‘ఎన్ఎం’ ఆదేశానికి హైఫన్, పెద్దబడి డి చేర్చి లైబ్రరీపై నడిపితే ఆ పేరు అందులో ఉందో లేదో నిమిషంలో తేలుతుంది.

రెండవది, వరుస. లింకర్ ఆదేశాన్ని ఎడమ నుంచి కుడికి చదువుతుంది. కనుక వాడుకునే దస్త్రం ముందు, లైబ్రరీ తరువాత రావాలి. ఉబుంటులో అవసరమైన లైబ్రరీలను మాత్రమే జతచేసే సూచన అప్రమేయంగా అమలులో ఉంటుంది. అందుచేత షేర్డ్ లైబ్రరీల విషయంలోనూ ఈ వరుసను పాటించాలి.

మూడవది, సీ ప్లస్ ప్లస్ లైబ్రరీలను వేర్వేరు కంపైలర్ అమరికలతో నిర్మించడం. సందేశంలోని పేరులో ‘సీఎక్స్ఎక్స్11’ అన్న ముక్క కనబడితే, 2015లో విడుదలైన జీసీసీ 5తో ప్రామాణిక లైబ్రరీలో వచ్చిన మార్పుకు ముందరి అమరిక, తరువాతి అమరిక కలగలిసినట్లు అనుమానించాలి. రెండింటినీ ఒకే కంపైలర్‌తో, ఒకే అమరికతో తిరిగి నిర్మించాలి.

ఏ మార్పు చేసినా పాత నిర్మాణ డైరెక్టరీని తొలగించి మళ్లీ మొదలుపెట్టడం మేలు. మొదటిసారి కనుగొన్న దారులను సీమేక్ తన క్యాష్‌లో భద్రపరచుకుంటుంది. దారి సరిచేసినా పాత సమాధానమే తిరిగి రావచ్చు.

5. లోడర్ దశ: నిర్మాణం ముగిసిన తరువాత

నిర్మాణం సజావుగా ముగిసి, ప్రోగ్రామ్‌ను నడపగానే ‘లిబ్‌ప్రాజ్.ఎస్ఓ.25: కెనాట్ ఓపెన్ షేర్డ్ ఆబ్జెక్ట్ ఫైల్’ అన్న సందేశం రావచ్చు. లింకర్‌కు చెప్పిన దారి లోడర్‌కు అందలేదని దీని అర్థం. ప్రయోగశాల కంప్యూటర్‌లోని ప్రాజ్ 8.2 లైబ్రరీ గుర్తింపు సంఖ్య 22. పరిశోధకుడు నిర్మించిన దాని సంఖ్య 25. సంఖ్యలు వేరు కనుక లోడర్ ఒకదానికి బదులు మరొకటి తీసుకోలేదు. ఈ సందేశం ఒక విధంగా మేలే చేసింది.

దీనికి పరిష్కారాలు రెండు. ఎల్‌డీ_లైబ్రరీ_పాత్ అనే పర్యావరణ చరరాశిలో డైరెక్టరీని చేర్చడం మొదటిది. ఇది పరీక్షకు అనువైనది. కాని ఆ టెర్మినల్‌లో నడిచే ప్రతి ప్రోగ్రామ్‌పైనా దాని ప్రభావం ఉంటుంది. ఇతర ప్రోగ్రామ్‌లు చెడిపోవడానికి తరచు ఇదే కారణం. రెండవది, ప్రోగ్రామ్ దస్త్రంలోనే దారిని ఆర్‌పాత్‌గా రాయించడం. సీమేక్‌లో సీమేక్_ఇన్‌స్టాల్_ఆర్‌పాత్ ద్వారా ఇది సాధ్యం. దీనిని ఇవ్వకపోతే స్థాపన సమయంలో సీమేక్ నిర్మాణకాలపు దారులను తొలగిస్తుంది. నిర్మాణ డైరెక్టరీలో నడిచిన ప్రోగ్రామ్ స్థాపన తరువాత నడవకపోవడానికి కారణం అదే.

నేటి లినక్స్ పంపిణీలలో ఆర్‌పాత్ అడిగితే సాధారణంగా ‘రన్‌పాత్’ రూపంలో నమోదవుతుంది. లోడర్ ముందు ఎల్‌డీ_లైబ్రరీ_పాత్‌ను, తరువాత రన్‌పాత్‌ను, ఆపైన వ్యవస్థ క్యాష్‌ను, ప్రామాణిక డైరెక్టరీలను చూస్తుంది. రన్‌పాత్ ఆ దస్త్రం నేరుగా కోరిన లైబ్రరీలకే వర్తిస్తుంది. ఆ లైబ్రరీలు కోరే ఇతర లైబ్రరీలకు వర్తించదు. అందుచేత ప్రోగ్రామ్‌లో ఒక్కదానిలోనే కాక జీడాల్ లైబ్రరీలోనూ దారి రాయించాలి.

6. సందేశం లేని దోషం

కొంతకాలానికి ప్రయోగశాల కంప్యూటర్‌ను ఉబుంటు 24.04కు మార్చారనుకుందాం. దానితో వచ్చేది ప్రాజ్ 9.4. దాని గుర్తింపు సంఖ్య కూడా 25. పరిశోధకుడు ఆర్‌పాత్ రాయించకుండా ఎల్‌డీ_లైబ్రరీ_పాత్‌పైనే ఆధారపడి, ఒకనాడు దానిని అమర్చడం మరచిపోతే లోడర్ వ్యవస్థలోని 9.4ను తీసుకుంటుంది. ప్రోగ్రామ్ నడుస్తుంది, ఫలితాలూ వస్తాయి. సిద్ధాంత గ్రంథంలో మాత్రం 9.5 అని నమోదవుతుంది.

ప్రాజ్ విషయంలో దీనికి మరొక కోణం ఉంది. 6వ సంచిక నుంచి నిరూపక వ్యవస్థల వివరాలు ‘ప్రాజ్.డీబీ’ అనే ప్రత్యేక దత్తాంశ దస్త్రంలో ఉంటున్నాయి. లైబ్రరీ ఒక చోటి నుంచి, ఈ దస్త్రం ప్రాజ్_డేటా చరరాశి చూపిన మరొక చోటి నుంచి వచ్చే అవకాశం ఉంది. పైగా తగిన డేటమ్ మార్పిడి దొరకనప్పుడు ప్రాజ్ ‘బాల్‌పార్క్’ అనే స్థూల మార్పిడిని వాడగలదు. అది డేటమ్‌ల మధ్య తేడాను లెక్కలోకి తీసుకోదు.

కొన్ని తప్పులు వెంటనే బయటపడతాయి. కొల్లేరు సుమారు 16.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 81.2 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద ఉంది. ఈ రెండూ తారుమారైతే సరస్సు స్వాల్‌బార్డ్ దీవులకు ఉత్తరాన ఆర్కిటిక్ సముద్రంలో పడుతుంది, ఎవరైనా గుర్తిస్తారు. ఎవరెస్ట్ ఆధారం నుంచి డబ్ల్యూజీఎస్ 84కు మార్చేటప్పుడు డేటమ్ తేడా విస్మృతమైతే ఈ ప్రాంతంలో స్థానం జరిగేది వంద మీటర్లకు పైగా మాత్రమే. 1:50,000 ప్రమాణపు పటంపై వంద మీటర్లంటే రెండు మిల్లీమీటర్లు. పది మీటర్ల సెంటినెల్–2 చిత్రంలో పది పిక్సెళ్లు. కంటికి పటం సరిగానే ఉన్నట్లు తోస్తుంది. నేలపై అది చెరువు గట్టుకు, దాని మధ్యభాగానికి ఉన్నంత దూరం.

ఈ దోషాన్ని కనిపెట్టడానికి మూడు పరీక్షలు చాలు. ‘ఎల్‌డీడీ’ ఆదేశం ప్రోగ్రామ్‌కు ఏ లైబ్రరీ ఏ డైరెక్టరీ నుంచి అందుతుందో చూపుతుంది. అందులో ప్రాజ్ రెండుసార్లు, రెండు సంఖ్యలతో కనబడితే జీడాల్ వేరొక ప్రాజ్‌తో నిర్మితమైందని గ్రహించాలి. సొంత డైరెక్టరీలోని ‘ప్రాజ్‌ఇన్ఫో’ రెండు నిరూపక వ్యవస్థల మధ్య లభించే మార్పిడులను, వాటి ఖచ్చితత్వాన్ని, అవి బాల్‌పార్క్ మార్పిడులా కాదా అన్నదాన్ని తెలుపుతుంది. చివరిగా, రెండు ఆధారాలలోనూ నిరూపకాలు తెలిసిన ఒక నియంత్రణ బిందువును మార్చి, ఫలితాన్ని తెలిసిన విలువతో సరిచూడాలి.

7. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

• సొంత డైరెక్టరీలో నిర్మించినప్పుడు కంపైలర్‌కు, లింకర్‌కు, లోడర్‌కు విడివిడిగా దారి తెలపాలి. సందేశం దేని నుంచి వచ్చిందో గుర్తించడమే నిర్ధారణలో తొలి మెట్టు.

• ‘దొరకలేదు’ అన్న దోషానికి దారి చూపడం పరిష్కారం. ‘అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్’కు సంచిక, వరుస, కంపైలర్ అమరికలను పరిశీలించాలి.

• శాశ్వత వినియోగానికి పర్యావరణ చరరాశి కంటే ప్రోగ్రామ్‌లోనూ, అది ఆధారపడే లైబ్రరీలలోనూ రాయించిన ఆర్‌పాత్ నమ్మదగినది.

• లైబ్రరీ గుర్తింపు సంఖ్య కలిసినంత మాత్రాన సంచిక కలిసినట్లు కాదు. కనుక సిద్ధాంత గ్రంథంలో సాఫ్ట్‌వేర్ పేరుతోపాటు, ఫలితాలు వెలువడిన రోజున తీసిన ఎల్‌డీడీ నివేదికను, వాడిన డేటమ్ మార్పిడి వివరాన్ని అనుబంధంగా చేర్చాలి.

లింకర్ ఇచ్చే దోషసందేశం పని ఆపుతుంది గాని ఫలితాన్ని చెడగొట్టదు. ఏ సందేశమూ లేకుండా తప్పు లైబ్రరీతో వెలువడిన పటం మాత్రం పరిశోధకుని చేతి నుంచి పరీక్షకుల చేతికి, అక్కడి నుంచి కొల్లేటి గట్టుపై నిర్ణయాలు తీసుకునేవారి చేతికి చేరగలదు. పరిశోధన విద్యార్థులకు లింకర్ పనితీరును బోధించవలసిన అవసరం ఇక్కడే ఉంది.