మీకు తెలుసా? పొలం మాటల వెనక లెక్కలు

గట్టు మీద వినిపించే మాటల్లో చాలావాటికి ఒక తేదీయో, తూకమో, కొలతో అతుక్కుని ఉంటుంది. రైతు ఆ లెక్కను పైకి చెప్పడు, వినేవాడికి తెలుసులే అనుకుంటాడు. తెలియనివాళ్ల కోసం కొన్ని.

పండుగలు కదులుతాయి, కార్తెలు కదలవు. ఉగాది ఒక ఏడు మార్చిలో వస్తే ఇంకో ఏడు ఏప్రిల్లో వస్తుంది. మృగశిర కార్తె మాత్రం ఏటా జూన్ 7, 8 తేదీల్లోనే. తిథులు చంద్రుణ్ణి బట్టి, కార్తెలు సూర్యుణ్ణి బట్టి నడవడమే ఇందుకు కారణం. సూర్యుడు 27 నక్షత్రాలను ఏడాదిలో చుట్టివస్తాడు కాబట్టి ఒక్కో కార్తె 13, 14 రోజులు. అధిక మాసం పడి పండుగలన్నీ వెనక్కి జరిగిన ఏడు కూడా రోహిణి మే 25 ప్రాంతంలోనే మొదలవుతుంది. వాన, ఎండ సూర్యుడి వెంట నడిచేవి. అందుకే పెళ్లికి తిథి చూసే మనిషే విత్తనానికి కార్తె చూస్తాడు. మఖ, పుబ్బ వరపైతే మహా క్షామం అన్న సామెత పట్టుకున్నది సరిగ్గా ఆగస్టు మధ్య నుంచి సెప్టెంబరు రెండో వారం దాకా. చాలా మెట్ట పైర్లు పూత, పిందె మీద ఉండే రోజులవి.

ఇందులోనూ ఒక మెలిక ఉంది. భూమి ఇరుసు మెల్లగా దిశ మార్చుకోవడం వల్ల, ఋతువులతో పోలిస్తే కార్తెలు 72 ఏళ్లకు సుమారు ఒక రోజు చొప్పున ఆలస్యమవుతున్నాయి. వెయ్యేళ్లకు ఒక కార్తె తేడా అన్నమాట. నిజంగా అంత పాత సామెత ఏదైనా ఉంటే, దాన్ని ఇవాళ ఒక కార్తె ముందే పాటించాలి!

విత్తన సంచి మీది అక్షరాలు ఊళ్ల పేర్లు. ఎంటీయూ అంటే పశ్చిమ గోదావరిలోని మార్టేరు, బీపీటీ అంటే బాపట్ల, ఎన్ఎల్ఆర్ నెల్లూరు, జేజీఎల్ జగిత్యాల, ఆర్ఎన్ఆర్ రాజేంద్రనగర్. వంగడం ఏ పరిశోధన స్థానంలో పుట్టిందో చెప్పే గుర్తులివి. మన ఇళ్లలో సన్నబియ్యంగా వండుకునే సాంబ మసూరి అసలు పేరు బీపీటీ 5204. బాపట్ల నుంచి 1986లో విడుదలైంది. స్వర్ణ ఎంటీయూ 7029, తెలంగాణ సోన ఆర్ఎన్ఆర్ 15048.

రైతుకు ఆ అంకె వెంటనే గుర్తుచేసేది పంటకాలం. స్వర్ణ, సాంబ మసూరి కోతకు రావడానికి దాదాపు 150 రోజులు, తెలంగాణ సోనకు 125, ఎంటీయూ 1010కి 120. కాలువకు నీళ్లు ఆలస్యంగా వదిలిన ఏడు ఈ నెల రోజుల తేడాయే పంటను నిలబెట్టేది. దీర్ఘకాలిక రకం ఈనే వేళకు చలి ముదురుతుంది, తాలు పెరుగుతుంది, రెండో పంటకు అదను దాటిపోతుంది. స్వర్ణ పక్కన ‘సబ్-1’ అని ఉంటే మాత్రం కాలంలో మార్పేమీ ఉండదు, రెండు వారాల దాకా మునకను ఓర్చుకునే జన్యువును చేర్చారని అర్థం.

చిరుపొట్ట బయటికి కనిపించదు. వరి పొట్ట మీదుందని దారినపోయేవాడు కూడా చెప్పగలడు. చిరుపొట్ట అలా కాదు. తల్లి పిలకను మొదలంటా పీకి, బ్లేడుతో నిలువునా చీల్చి చూడాలి. పై కణుపు మీద తెల్లటి నూగుతో, మిల్లీమీటరో రెండో పొడవున్న మొన కనిపిస్తే అదే రేపటి వెన్ను. కంకికి ఎన్ని గింజలు పట్టాలో నిర్ణయమయ్యేది ఇప్పుడే. ఆఖరి దఫా యూరియా ఇప్పుడు పడాలి. దాటిపోయాక వేస్తే ఆకు నల్లగా ఏపుగా కనిపించి, చూసేవాళ్లు మెచ్చుకుంటారు. దోమకూ ఆకుముడతకూ అంతకంటే నచ్చుతుంది. గింజల సంఖ్య మాత్రం పెరగదు.

చిరుపొట్ట కోతకు దాదాపు 65 రోజుల ముందు వస్తుంది. రకం ఏదైనా ఈ అంతరం పెద్దగా మారదు. అంటే 120 రోజుల రకానికి 55వ రోజు దగ్గర, 150 రోజుల రకానికి 85వ రోజు దగ్గర. పక్క చేనాయన చల్లుతున్నాడని మనమూ చల్లితే చిక్కొచ్చేది ఇందుకే. ఆయన వేసింది మన రకం కాకపోవచ్చు.

సుంకు వేళ మందు కొట్టకూడదు. వరి పూలు విచ్చుకునేది ఉదయం తొమ్మిది నుంచి మధ్యాహ్నం లోపు. ఆ సమయంలో పిచికారీ చేస్తే పుప్పొడి తడిసి గింజ కట్టదు. తప్పనిసరైతే సాయంత్రం కొట్టాలి.

యూరియా బస్తా బరువు తగ్గి చాలా కాలమైంది. 2018 మార్చి నుంచి బస్తా 50 కిలోలు కాదు, 45. అందులో నత్రజని 46 శాతం, అంటే సుమారు 20.7 కిలోలు. ఎకరానికి రెండు బస్తాలు అనే తాతల నాటి లెక్కలో అప్పట్లో 46 కిలోల నత్రజని పడేది, ఇప్పుడు 41.4 పడుతుంది. డీఏపీ సంచి మీది 18-46-0 కూడా శాతాలే: నత్రజని, భాస్వరం, పొటాష్ వరుసలో. చివరి సున్నా చూడకుండా డీఏపీ ఒక్కటే వేసి ఊరుకున్న చేనుకు పొటాష్ ఒక్క గ్రాము కూడా అందదు.

ఒకే దుకాణంలో నీలానికి రెండు అర్థాలు. విత్తన సంచికి కుట్టిన నీలం ట్యాగు ధ్రువీకరించిన విత్తనమని భరోసా. తెల్లదైతే మూల విత్తనం. అదే నీలం పురుగుమందు డబ్బా మీద త్రికోణంలో ఉంటే ఒక మోస్తరు విషం. ఎరుపు అన్నింటికంటే తీవ్రం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ ఉంది కదా అని చేతులు కడుక్కోకుండా అన్నం తినేవాళ్లున్నారు. ఆకుపచ్చ కూడా విషమే, తక్కువ విషం.

2.20 అంటే ఎంత? ఆంధ్రలో రెండెకరాల ఇరవై సెంట్లు. తెలంగాణలో రెండెకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. కాగితం మీద ఒకటే రాత, పొలంలో ముప్పై సెంట్ల తేడా. ఎకరాకు వంద సెంట్లు, నలభై గుంటలు. సెంటు 48.4 గజాలు, గుంట 121 గజాలు. సర్వే గొలుసు 66 అడుగులు. అందులో సగం పొడవు, సగం వెడల్పు ఉన్న చదరమే గుంట.

అడంగల్ మీద 1435 అని ఉంటే కంగారు పడక్కర్లేదు. అది ఫసలీ సంవత్సరం. 590 కలిపితే 2025. ఆ ఏటి జూలై 1న మొదలై మరుసటి జూన్ చివరికి ముగుస్తుంది. హిజరీ ఏడాది 354 రోజులే కావడంతో పంట చేతికి రాకముందే శిస్తు గడువు ముంచుకొచ్చేది. అందుకే మొగలుల కాలంలో శిస్తు లెక్కను సూర్యుడికి కట్టేశారు. అలా విడిపోయిన రెండు లెక్కల మధ్య ఇప్పుడు పన్నెండేళ్ల దూరం: ఫసలీ 1435 మొదలైన నాటికి హిజరీ 1447లో ఉంది.

తేమ మూడు శాతం తగ్గితే బరువు తగ్గేది మూడు కిలోలు కాదు. మద్దతు ధరకు వడ్లు కొనాలంటే తేమ 17 శాతం దాటకూడదు. 20 శాతం తేమ ఉన్న క్వింటా వడ్లలో అసలు సరుకు 80 కిలోలు. 17 శాతానికి ఆరేసరికి మిగిలేది 96.4 కిలోలు, తరుగు 3.6. ఇది తెలిస్తే, తేమ పేరు చెప్పి క్వింటాకు ఐదు కిలోలు కోస్తానన్నవాడితో కాగితం, పెన్ను తీసి మాట్లాడొచ్చు. 12 శాతానికి ఎండబెట్టినవాడికీ నష్టమే. తూకం ఇంకా పడిపోతుంది, ధర మాత్రం అదే.

ఎవరి పంట ఎక్కువ? గోదావరి జిల్లా వియ్యంకుడు ఎకరానికి ముప్పై బస్తాలు పండాయంటాడు. అక్కడ దిగుబడి చెప్పే బస్తా 75 కిలోలు. నెల్లూరు వియ్యంకుడు మూడు పుట్లు అంటాడు. ఆయన పుట్టి 850 కిలోలు. ఒకరిది 22.5 క్వింటాళ్లు, ఇంకొకరిది 25.5. నెల్లూరాయనకే మూడు క్వింటాళ్లు ఎక్కువ.