“మావాడెక్కడ?” అని అడగడం నేర్పిన మనుషులు

సింగరేణి ఊళ్లలో ఆడవాళ్లకు ఎదురుచూడటం ఎవరూ నేర్పక్కర్లేదు. ఫస్ట్ షిఫ్టు పొద్దున ఏడింటికి, సెకండ్ షిఫ్టు మధ్యాహ్నం మూడింటికి, నైట్ షిఫ్టు రాత్రి పదకొండింటికి. మా శ్రీరాంపూర్ అయినా, గోదావరి అవతల గోదావరిఖని అయినా అంతే. బాయికి పోయిన మనిషి రావడం అరగంట ఆలస్యమైతే పొయ్యి మీద కూర మాడుతున్నా గుమ్మంలోకొచ్చి నిలబడతాం. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోకి నీళ్లు ముంచుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. ఆ రోజు గుర్తున్న ఇళ్లల్లో అరగంట ఎంత పొడుగ్గా ఉంటుందో వేరే చెప్పాలా?

అయితే 1980ల్లో, 90ల్లో ఈ ప్రాంతపు తల్లులకు ఇంకో రకం ఎదురుచూపు కూడా ఉండేది. రాత్రిపూట జీపొస్తుంది. ఇంట్లో పిల్లాణ్ణి ఎక్కించుకుపోతుంది. ఏ స్టేషనో చెప్పరు. తెల్లారి వెళ్లి అడిగితే “మేం తేలేదు” అంటారు. బాయి దగ్గరైతే మస్టరు ఉంటుంది, ఎవరు దిగారో, ఎవరు పైకొచ్చారో అందులో రాసి ఉంటుంది. జీపెక్కించిన పిల్లాడి పేరు ఏ మస్టరులోనూ ఉండేది కాదు.

అలాంటప్పుడు ఆ తల్లి ఎవరి దగ్గరికి పోవాలి? సర్పంచి భయపడతాడు. చుట్టాలు తలుపు తీయరు. అప్పుడు తలుపు తీసిన కొద్దిమంది గురించే ఈ నాలుగు మాటలు.

డాక్టరు, పంతులు, వకీలు

ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం 1974లో పుట్టింది. తొలి అధ్యక్షుడు మహాకవి శ్రీశ్రీ. మరుసటి ఏడాదే ఎమర్జెన్సీ వచ్చింది. ఎమర్జెన్సీ అయ్యాక ఈ సంఘం జిల్లా జిల్లాకూ పాకింది. మన శ్రీరాంపూర్ అప్పట్లో ఆదిలాబాద్ జిల్లా, ఇప్పుడు మంచిర్యాల జిల్లా. గోదావరిఖని అప్పుడు కరీంనగర్, ఇప్పుడు పెద్దపల్లి. ఈ రెండు జిల్లాలతో పాటు వరంగల్ కూడా ఆ సంఘానికి నిద్రలేని జిల్లాలే. 1981 ఏప్రిల్ 20న మన ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లిలో గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపితే, ప్రభుత్వం 13 మంది చనిపోయారంది. కాదు, ఇంకా చాలామంది పోయారని చెప్పింది పౌరహక్కుల వాళ్లే.

ఇంతకీ ఎవరు వాళ్లు? కత్తులు పట్టినవాళ్లు కాదు, కోటలు కట్టినవాళ్లూ కాదు. మన వీధి చివర కనిపించే మనుషులే. వరంగల్‌లో డాక్టర్ రామనాథం పిల్లల వైద్యుడు. జ్వరంతో ఉన్న బిడ్డను భుజాన వేసుకుని తల్లులు ఆయన దవాఖానకు పోయేవాళ్లు. ఆయనే పౌరహక్కుల సంఘం ఉపాధ్యక్షుడు కూడా. 1985 సెప్టెంబరులో నక్సలైట్లు ఒక సబ్ ఇన్‌స్పెక్టర్ను కాల్చి చంపారు. మర్నాడు, సెప్టెంబరు 3న, ఆయన అంతిమయాత్ర సాగుతుండగా పోలీసులు రామనాథం గారి క్లినిక్‌లోకి దూరి ఆయన్ని కాల్చి చంపారు. ఒక్క రోజు తేడాతో రెండిళ్లలో ఏడుపులు. సబ్ ఇన్‌స్పెక్టర్ ఇంట్లోనూ ఆడవాళ్లే, డాక్టరు గారింట్లోనూ ఆడవాళ్లే కదా!

కాకతీయ విశ్వవిద్యాలయంలో లెక్కలు చెప్పే బాలగోపాల్ గారిని ఆ సబ్ ఇన్‌స్పెక్టర్ హత్య కేసులోనే ఇరికించి జైల్లో పెట్టారు. 1989లో “ప్రజాబంధు” అనే పేరుతో కొందరు ఆయన్ని ఖమ్మం జిల్లాలో ఎత్తుకుపోయారు. 1992లో సింగరేణికి పెద్దాఫీసున్న కొత్తగూడెంలోనే పోలీసులు ఆయన్ని చితకబాదారు. అయినా ఆ మనిషి ఊళ్లు తిరగడం ఆపలేదు. ఎక్కడ మనిషి చచ్చాడంటే అక్కడికి పోవడం, చూసింది రాసుకోవడం, దాన్ని అచ్చు వేయించడం. అంతే ఆయన పని. తర్వాత లా చదివి హైకోర్టులో పేదల కేసులు వాదించారు. 2009 అక్టోబరు 8న కన్నుమూశారు.

కరీంనగర్ జిల్లాలో జాపా లక్ష్మారెడ్డి గారిని 1986లో చంపారు. వరంగల్ జిల్లాలో వకీలుగా ఉంటూ సంఘం బాధ్యతలు చూసిన నర్రా ప్రభాకర్ రెడ్డి గారిని 1991 డిసెంబరులో చంపారు. 2000లో పురుషోత్తం, 2001లో ఆజం అలీ. ఎదుటివాడి ప్రాణం గురించి అడిగినందుకు తమ ప్రాణం పోగొట్టుకున్న మనుషుల జాబితా ఇది.

ఆ “24 గంటలు” ఏంటి?

వీళ్లందరికీ పెద్దదిక్కు కె.జి. కన్నబిరాన్ గారు. 1978 నుంచి పదిహేనేళ్లకు పైగా సంఘానికి అధ్యక్షుడు. కోర్టులో ఆయన నిలబడితే ఎదుటి వకీళ్లు సర్దుకుని కూర్చునేవారట. 2010 డిసెంబరులో పోయారు. ఆయన ఆత్మకథ పేరు “24 గంటలు”. ఆ పేరెందుకో మనం, ముఖ్యంగా ఇల్లు చక్కబెట్టుకునే ఆడవాళ్లం, తెలుసుకుని తీరాలి.

మన రాజ్యాంగంలో 22వ అధికరణం ఉంది. ఎవరినైనా అరెస్టు చేస్తే ఎందుకో చెప్పాలి. వకీలుతో మాట్లాడనివ్వాలి. దారి ప్రయాణం పోను 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. చట్టం మనిషికి పెట్టిన మస్టరు అది. అందులో పేరు పడిందంటే ఆ మనిషిని ఊరికే మాయం చెయ్యడం కష్టం. ఆ పేరు పడనివ్వకపోతేనే హైకోర్టులో హెబియస్ కార్పస్ వేస్తారు. “మనిషిని తెచ్చి చూపించండి” అని కోర్టు చేత చెప్పించడమన్నమాట. తల్లి వెయ్యొచ్చు, పెళ్లాం వెయ్యొచ్చు, వాళ్ల తరఫున ఇంకెవరైనా వెయ్యొచ్చు. వేలిముద్ర వేసే తల్లి కూడా ప్రభుత్వాన్ని నిలబెట్టి “మావాడెక్కడ?” అని అడగొచ్చని ఊళ్లకు ఊళ్లకు నేర్పింది ఈ సంఘాల వాళ్లే.

ఎన్‌కౌంటర్ల సంగతీ అంతే. చనిపోయినవాడి మీద కేసు రాసి ఫైలు మూసేయడం అలవాటైపోయిన రోజుల్లో, చంపింది ఎవరో ముందు రాయండి, ఆత్మరక్షణో కాదో కోర్టు తేలుస్తుంది అని వాదించారు. 2009 ఫిబ్రవరిలో మన హైకోర్టు అయిదుగురు జడ్జీల బెంచి ఆ మాటే తీర్పుగా చెప్పింది. సుప్రీంకోర్టు దాని మీద స్టే ఇచ్చినా, 2014లో తానే దేశమంతటికీ మార్గదర్శకాలిచ్చింది. ఎఫ్.ఐ.ఆర్. రాయాలి, ఆ స్టేషను వాళ్లు కాక వేరే వాళ్లు దర్యాప్తు చెయ్యాలి, ఇంటివాళ్లకు కబురు చెయ్యాలి అంది.

ఆడవాళ్ల కోసం ఏం చేశారు?

ఈ ప్రశ్న అడిగే హక్కు మనకుంది. 1978 మార్చిలో హైదరాబాద్ నల్లకుంట పోలీస్ స్టేషన్లో ఒక పేద ముస్లిం యువతి మీద అత్యాచారం జరిగింది. రిక్షా తొక్కే ఆమె భర్త పోలీసు దెబ్బలకు చనిపోయాడు. ఊరు భగ్గుమంది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ వేశారు. కమిషన్ ముందు ఆమె నడవడి గురించే గుచ్చి గుచ్చి అడుగుతుంటే ఆమె పక్షాన నిలబడింది కన్నబిరాన్ గారు. కమిషన్ పోలీసులదే తప్పంది. కేసు మాత్రం కర్ణాటకలోని రాయచూరుకు మారి, 1981లో వీగిపోయింది. ఆ కోపంలోంచి ఆడవాళ్లు వీధుల్లోకొచ్చారు. స్త్రీ శక్తి సంఘటన అప్పటి సంస్థే. కన్నబిరాన్ గారి భార్య వసంత కన్నబిరాన్ దాన్ని నడిపినవాళ్లలో ఒకరు.

2007 ఆగస్టు 20న విశాఖ మన్యంలోని వాకపల్లిలో 11 మంది ఆదివాసీ స్త్రీలు తమ మీద గ్రేహౌండ్స్ పోలీసులు అత్యాచారం చేశారని చెప్పారు. మానవహక్కుల వేదిక వాళ్లు చివరిదాకా వెంట నడిచారు. 2023 ఏప్రిల్లో విశాఖ ప్రత్యేక కోర్టు నిందితుల్ని వదిలేసింది. కానీ దర్యాప్తు సరిగ్గా జరగలేదని తప్పుపట్టి, ఆ స్త్రీలకు నష్టపరిహారం ఇవ్వమంది. పదిహేనేళ్లు దాటాక వచ్చిన ఈ ఫలితాన్ని గెలుపనగలమా? అనలేం. కానీ ఆ పదకొండు మంది ఒక్కసారి కూడా మాట మార్చకుండా నిలబడ్డారంటే, వెనక ఒక చెయ్యి ఉండబట్టే.

“వాళ్లు అన్నల వైపు కదా?”

ఈ మాట ప్రతి ఇంట్లోనూ వినిపిస్తుంది. నిజాయితీగా మాట్లాడుకుందాం. బొగ్గుబాయిల ప్రాంతంలో పోలీసుల చేతిలో చచ్చినవాళ్లున్నారు, “ఇన్‌ఫార్మర్” అన్న ముద్రతో నక్సలైట్ల చేతిలో చచ్చినవాళ్లూ ఉన్నారు. ఆ రెండో రకం ఇంటి తల్లి “మరి మావాడి సంగతి?” అంటే ఏం చెప్పాలి? ఈ ప్రశ్న బయటివాళ్లు మాత్రమే వేసింది కాదు. సంఘం లోపలే ఏళ్లపాటు నలిగింది. ప్రభుత్వం తప్పే కాదు, తుపాకీ పట్టిన ఎవరి తప్పునైనా అడగాలన్న బాలగోపాల్ గారూ మరికొందరూ బయటికొచ్చి 1998లో మానవహక్కుల వేదిక పెట్టారు. కులం, నిర్వాసితులు, ఆడవాళ్ల మీద హింస, అన్నీ హక్కుల సంగతులేనన్నారు. మనకు నచ్చినవాడికే హక్కులుంటే వాటిని హక్కులనడం దేనికి?

ఇప్పుడు మనకు పనికొచ్చేవి

జీపుల రోజులు తగ్గాయి. స్టేషను గడప తొక్కాల్సిన అవసరాలు తగ్గలేదు. 2024 జులై 1 నుంచి పాత క్రిమినల్ చట్టాల స్థానంలో కొత్తవి వచ్చాయి. అయినా ఇవి దాదాపు అలాగే ఉన్నాయి, గుర్తుపెట్టుకోండి.

అరెస్టు చేస్తే కాగితం రాసి ఇంటి మనిషి చేతో, ఊళ్లో పెద్దమనిషి చేతో సాక్షి సంతకం పెట్టించాలి. ఇంటివాళ్లకు కబురివ్వాలి.

పొద్దుగూకాక, తెల్లారకముందు ఆడవాళ్లను అరెస్టు చెయ్యకూడదు. తప్పనిసరైతే మేజిస్ట్రేటు అనుమతి తీసుకుని మహిళా అధికారే చెయ్యాలి.

విచారణ పేరుతో ఆడవాళ్లను స్టేషనుకు రమ్మనకూడదు. ఇంటికే వచ్చి అడగాలి. అరవై దాటిన పెద్దవాళ్లకూ, పదిహేనేళ్ల లోపు పిల్లలకూ ఇదే నియమం.

ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడగాలి. ఫోన్ నంబరు 15100.

కొత్త ఓపెన్ కాస్టు పెట్టాలన్నా, ఉన్నదాన్ని పెంచాలన్నా సాధారణంగా ప్రజాభిప్రాయ సేకరణ జరుగుతుంది. కనీసం 30 రోజుల ముందు ప్రకటన వెయ్యాలి. దుమ్ము మనింట్లోకే, నెర్రెలు మన గోడలకే కాబట్టి మైకు మనం కూడా అందుకోవాలి. చెప్పింది రాసుకున్నారో లేదో చివర్లో చదివించుకుని వినాలి.

ఇవన్నీ పుస్తకాల్లో ఎప్పుడో ఉన్నాయి. పుస్తకంలో ఉన్నదాన్ని గుమ్మందాకా తెచ్చినవాళ్లు ఆ డాక్టరు, ఆ పంతులు, ఆ వకీళ్లు. వాళ్ల ఫొటోలకు దండలెయ్యక్కర్లేదు. గ్యాస్ బండ నంబరు రాసుకున్న క్యాలెండరు మీదే 15100 కూడా రాసుకోండి. పక్కింటి వదినకూ చెప్పండి. ఎవరింటి పిల్లాడికైనా కష్టమొచ్చిన రోజున, ఆ తల్లిని ఒంటరిగా స్టేషనుకు పంపకుండా మీరూ చెప్పులేసుకుని వెంట నడవండి.