పాఠం బడి భాషలో... ప్రయోగం ఇంటి భాషలో

పసుపు, సున్నం, ఒక పుల్ల ఉంటే చాలు
హోసూరులో నీడ మాయమైన రోజున చంద్రపూర్‌లో నీడ కొలిస్తే భూగోళం చుట్టుకొలత దొరుకుతుంది

హోసూరులో తమిళ మాధ్యమంలో చదివే తెలుగింటి పిల్లాడికి సైన్సు పుస్తకంలో ‘కారం’ అనే మాట ఎదురవుతుంది. ఇంట్లో కారమంటే మిరపపొడి. పుస్తకంలో కారమంటే క్షారం. అంటే సున్నం, సబ్బు, చాకలిసోడా వంటివి. ‘అమిలం, కారం’ అని బట్టీ పట్టి పరీక్షలో రాసేస్తాడు. మార్కులూ పడతాయి. ‘ఒరే, మరి మిరపకాయ క్షారమేనా?’ అని అడిగితే మాత్రం తల గోక్కుంటాడు. తమిళంలో ఘాటుకూ అదే మాట కాబట్టి, పక్క బెంచీలోని తమిళ పిల్లాడికీ అదే తికమక.

బళ్లారి, పావగడ వైపు కన్నడ బడిలో చదివే పిల్లలకు ఇదే వస్తువు ‘ప్రత్యామ్ల’. సోలాపూర్, చంద్రపూర్ మరాఠీ బడుల్లో ‘ఆమ్లారి’. బరంపురం, రాయగడ ఒడియా బడుల్లో ‘క్షారక’. పేరు ఏదైతేనేం, వస్తువు మాత్రం అమ్మ వంటింట్లో, నాన్నమ్మ వక్కాకు సంచిలో ఎప్పటి నుంచో ఉంది. దాన్ని చేత్తో పట్టి చూపించకుండా పేరొక్కటే నేర్పించడంతోనే చిక్కంతా.

సరిహద్దు ఊళ్లలో తెలుగు తల్లుల నోట తరచూ వినిపించే మాట ఒకటుంది. ‘వాడి పుస్తకం నాకు చదవడం రాదు, ఇంక నేనేం చెబుతా?’ అని. 2006లో తమిళనాడు తెచ్చిన చట్టంతో అక్కడి బడుల్లో తమిళం తప్పనిసరి పాఠ్యాంశమైంది. మిగతా రాష్ట్రాల్లోనూ ఇంటి భాష ఒకటి, బడి భాష ఇంకొకటి అయిన పిల్లలు వేలల్లో ఉన్నారు. భాషా పాఠంలో అమ్మ సాయం చేయలేకపోవచ్చు. సైన్సులో మాత్రం ఆ మాట చెల్లదు. ప్రయోగానికి లిపి అక్కర్లేదు.

పారాణిలో ఉన్నదే పాఠం

పసుపు నీళ్లలో కాస్త సున్నం వేస్తే ఎర్రనీళ్లవుతాయని తెలియని తెలుగిల్లు ఉండదు. హారతికి, దిష్టికి కలిపేది అదే. పెళ్లికూతురి పాదాలకు పెట్టే పారాణీ అదే. ఆ ఎరుపు ఎక్కడి నుంచి వచ్చిందని మాత్రం ఎవరూ అడగరు. పసుపులోని రంగు పదార్థం క్షారం తగిలితే ఎర్రబారుతుంది. ఆ ఎర్రనీళ్లలో నిమ్మరసం పిండి చూడండి. పులుపు సున్నాన్ని విరగ్గొట్టగానే మళ్లీ పచ్చబడతాయి. తెల్లచొక్కా మీద పడ్డ కూర మరక సబ్బు రుద్దగానే ఎర్రబడటం వెనకా ఇదే సంగతి. ఉతికే ప్రతి అమ్మా ఈ ప్రయోగాన్ని నెలకు నాలుగుసార్లు చేస్తూనే ఉంటుంది.

పసుపు ముద్దను తెల్లకాగితానికి పూసి, నీడన ఆరబెట్టి, సన్నని పట్టీలుగా కత్తిరించుకుంటే పరీక్ష కాగితం సిద్ధం. సబ్బు నీళ్లలో ముంచితే ఎరుపు. వంటసోడా నీళ్లలో కొద్దిగా ఎరుపు. ఇక కారం సంగతి. మిరపపొడి నీళ్లకే ఎర్రరంగు ఉంటుంది కాబట్టి దానితో చేస్తే మోసపోతారు. పచ్చిమిర్చి నూరి ఆ నీళ్లలో ముంచాలి. పట్టీ పచ్చగానే ఉంటుంది. నాలుక మండినంత మాత్రాన క్షారం కాదన్నమాట. ‘కారం’ అనే మాట తెచ్చిన చిక్కుముడి అక్కడికక్కడే విడిపోతుంది. విప్పింది టీచరూ కాదు, పుస్తకమూ కాదు, రోట్లో నూరిన మిరపకాయ.

ఇక్కడ పిల్లలు పొరపడే చోటు ఒకటుంది. చింతపండు పులుసులో ముంచినా పట్టీ మారదు, మామూలు నీళ్లలో ముంచినా మారదు. అలాగని పులుసూ నీళ్లూ ఒకటే అనుకోకూడదు. పసుపు క్షారాన్ని మాత్రమే పట్టిస్తుంది. ఆమ్లాన్ని పట్టుకోవాలంటే ఎర్రమందారం కావాలి. రేకుల్ని వేడినీళ్లలో నానబెట్టి వడకడితే రంగునీళ్లు వస్తాయి. అందులో నిమ్మరసం పడితే ముదురు గులాబీ, సబ్బు నీళ్లు పడితే ఆకుపచ్చ. సున్నంతో పని కాబట్టి కళ్లు జాగ్రత్త. వేళ్లతో కాకుండా చెంచాతో తీయాలి, పెద్దవాళ్లు పక్కనుండాలి.

థర్మాకోల్ కొండలు కావాలా?

ఏటా ఫిబ్రవరి 28న సైన్సు దినోత్సవం వస్తుంది. సి.వి.రామన్ తన ఆవిష్కరణను ప్రకటించిన 1928 నాటి తేదీ అది. ఆ వారమంతా బడుల్లో ప్రదర్శనలు. చాలాచోట్ల కనబడేది థర్మాకోల్‌తో చేసిన అగ్నిపర్వతం, దుకాణంలో కొని తెచ్చిన గుండె నమూనా. అతికించింది నాన్న, రంగులేసింది అన్నయ్య. పిల్లాడి వాటాకు వచ్చేది ఇంగ్లిషులో కంఠస్థం పట్టిన నాలుగు వాక్యాలు. దాన్ని ప్రయోగం అనడం కన్నా అలంకరణ అనడం సబబు.

దీనికి విరుగుడు వెతికినవాళ్లు మన దేశంలో లేకపోలేదు. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ (ఇప్పటి నర్మదాపురం) జిల్లాలో 1972లో 16 బడుల్లో ఒక కార్యక్రమం మొదలైంది. పల్లె పిల్లలు చేతులతో చేసి, చూసి, రాసుకుని నేర్చుకోవాలన్నది దాని పద్ధతి. మూడు దశాబ్దాల్లో వందల బడులకు పాకింది. 2002లో రాష్ట్ర ప్రభుత్వం దాన్ని ఆపేసింది. ఐఐటీ కాన్పూరులో చదివిన అరవింద్ గుప్తా అక్కడే అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వు రబ్బరుతో ఆడుకుంటూ దారి కనుక్కున్నారు. తర్వాత పుణెలో పిల్లల సైన్సు కేంద్రంలో ఏళ్ల తరబడి పారేసిన వస్తువులతోనే బొమ్మలు చేయించారు. 2018లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఆయన అగ్గిపుల్లల ఆట ఎవరైనా ఆడొచ్చు. వాల్వు రబ్బరును చిన్న ముక్కలుగా కోసి, వాటితో పుల్లల కొసలు కలిపి ఒక త్రిభుజం, ఒక చతురస్రం చేయాలి. మూలలు పట్టుకుని నొక్కితే చతురస్రం పక్కకు ఒరిగిపోతుంది, త్రిభుజం ససేమిరా కదలదు. పెంకుటింటి కప్పు కింద కర్రలు, కరెంటు టవర్ల ఇనుప బద్దీలు ముక్కోణాలుగా ఎందుకుంటాయో మళ్లీ చెప్పనక్కర్లేదు.

సరిహద్దుకు దగ్గర్లోనే చూడాలంటే కుప్పం ఉంది. మూడు రాష్ట్రాలు కలిసే చోటు. 1999లో మొదలైన అగస్త్య ఫౌండేషన్‌కు అక్కడ 172 ఎకరాల ప్రాంగణం ఉంది. నమూనాలు నింపుకున్న బండ్లు పల్లె బడులకు వెళ్లి పిల్లల చేత చేయిస్తాయి. అయితే బండి వచ్చేది ఏ రోజో ఒక రోజు. మిగతా రోజుల్లో వాకిలే దిక్కు. వాకిట్లో ఏం చేయొచ్చన్నదానికి అన్నిటికన్నా పెద్ద ఉదాహరణ నీడ.

నడినెత్తిన సూర్యుడు... రెండే రోజులు

మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడని అందరూ అనేస్తారు. నిజానికి మన ఊళ్లలో సరిగ్గా నెత్తిన నిలిచేది ఏడాదిలో రెండు రోజులే. ఆ రోజు మధ్యాహ్నం నిలువుగా పాతిన పుల్లకు నీడే ఉండదు. మనిషి నీడ కాళ్ల కిందికి ముడుచుకుపోతుంది. ఇది ఒక్కో ఊరికి ఒక్కో తేదీ. సూర్యుడు దక్షిణం నుంచి ఉత్తరానికి జరిగే కొద్దీ ఊరి తర్వాత ఊరిని పలకరిస్తూ వెళతాడు. హోసూరు, కుప్పంలో ఏప్రిల్ 24. బళ్లారిలో మే 1. యానాంలో మే 7. సోలాపూర్‌లో మే 10. బరంపురంలో మే 17. చంద్రపూర్‌లో మే 20. ఏటా ఒక రోజు అటూ ఇటూ కావొచ్చు.

సమయమూ 12 గంటలు కాదు. గడియారం దేశమంతటికీ ఒకటే గానీ సూర్యుడు తూర్పు ఊళ్లకు ముందొస్తాడు. మన గడియారానికి ఆధారమైన రేఖాంశం కాకినాడకు కొంచెం తూర్పున పోతుంది కాబట్టి, పక్కనే ఉన్న యానాం వాళ్లకు మే నెలలో అసలు మధ్యాహ్నం దాదాపు 12 గంటలకే. బరంపురంలో 11.47కే అయిపోతుంది. సోలాపూర్‌లో 12.23 దాకా ఆగాలి. ఒకే దేశం, ఒకే గడియారం, మధ్యలో 36 నిమిషాల తేడా.

ఇప్పుడు అసలు పని. హోసూరులో నీడ మాయమయ్యే ఏప్రిల్ 24నే చంద్రపూర్‌లోనో బల్లార్షాలోనో ఉన్న తెలుగు పిల్లలు మీటరు పొడవున్న పుల్ల పాతాలి. నిలువుగా ఉందో లేదో చూడటానికి దారానికి రాయి కట్టి వేలాడదీస్తే సరి. నేల చదునుగా ఉండాలి. 11.45 నుంచి అయిదేసి నిమిషాలకు నీడ కొసన సుద్దముక్కతో గుర్తు పెట్టుకుంటూ పోతే 12.11 ప్రాంతంలో నీడ అన్నిటికన్నా పొట్టిగా ఉంటుంది. ఉత్తరం వైపు దాదాపు 12.6 సెంటీమీటర్లు. ఏప్రిల్‌లో చంద్రపూర్ ఎండ ఎలాంటిదో అక్కడి వాళ్లకు వేరే చెప్పాలా! పుల్ల ఎండలో ఉండాలి గానీ పిల్లలు ఉండక్కర్లేదు. గుర్తు పెట్టేసి నీడకు వచ్చేయాలి. సూర్యుడి వంక నేరుగా చూడనే కూడదు.

తర్వాత కాగితం మీద 10 సెంటీమీటర్ల నిలువు గీత, దాని అడుగున 1.26 సెంటీమీటర్ల అడ్డగీత గీసి కొసలు కలిపితే పైన ఒక కోణం ఏర్పడుతుంది. కోణమానినితో కొలిస్తే ఏడు డిగ్రీల చిల్లర. హోసూరులో అదే మధ్యాహ్నం సున్నా. అంటే రెండు ఊళ్లకూ మధ్య భూమి ఒంపు 7.2 డిగ్రీలు. పూర్తి వృత్తానికి 360 డిగ్రీలు కదా, అందులో ఇది సరిగ్గా 50వ వంతు. హోసూరు అక్షాంశం నుంచి చంద్రపూర్ అక్షాంశం దాకా అట్లాసులో స్కేలు పెట్టి ఉత్తర దక్షిణంగా కొలిస్తే సుమారు 800 కిలోమీటర్లు. రోడ్డు దూరం తీసుకోకూడదు, అది మెలికలు తిరిగి ఎక్కువొస్తుంది. 800ను 50తో హెచ్చిస్తే 40 వేల కిలోమీటర్లు. ధ్రువాల మీదుగా భూమి చుట్టుకొలత అంతే, 40,008 కిలోమీటర్లు.

విచిత్రమేమిటంటే సుమారు 2,200 ఏళ్ల కిందట ఈజిప్టులో ఎరటోస్తనీస్ ఇదే లెక్క వేసినప్పుడు ఆయనకు వచ్చిందీ 50వ వంతే. ఆయన ఊళ్లు సైయీన్, అలెగ్జాండ్రియా. మన ఊళ్లు హోసూరు, చంద్రపూర్. ఆయనకు లేనిది, మనకు ఉన్నది ఫోను. ‘మా పుల్లకు నీడ లేదు, మీకెంత వచ్చింది?’ అని తెలుగులోనే అడిగి తెలుసుకోవచ్చు. ఒక చివర తమిళ బడి, ఇంకో చివర మరాఠీ బడి. మధ్యలో లెక్క మాత్రం ఒకటే.

మొదటిసారే 40 వేలు వస్తుందని ఆశపడొద్దు. కోణం 7 అని చదివితే 41 వేలు దాటుతుంది, 8 అని చదివితే 36 వేలకు పడిపోతుంది. పుల్ల కాస్త ఒరిగినా, నేల ఏటవాలుగా ఉన్నా లెక్క తప్పుతుంది. తప్పెక్కడ జరిగిందని రెండు ఊళ్ల పిల్లలు ఫోనులో తగువులాడుకోవడం ఈ ప్రయోగంలో అన్నిటికన్నా విలువైన భాగం. జవాబు ముందే తెలిసిన థర్మాకోల్ కొండలో ఆ తగువుకు చోటెక్కడ?

పిల్లలు దీన్ని రాసుకునే తీరు కూడా ముఖ్యం. నోటు పుస్తకంలో మధ్యన గీత గీసి ఎడమవైపు ఇంటి మాట, కుడివైపు బడి మాట రాయించాలి. నీడ ఒకవైపు ఉంటే రెండో వైపు హోసూరులో ‘నిళల్’, బళ్లారిలో ‘నెరళు’, చంద్రపూర్‌లో ‘సావలీ’, బరంపురంలో ‘ఛాయి’ ఉంటాయి. ఎర్రనీళ్ల ఎదురుగా క్షారకమో ప్రత్యామ్లమో వస్తుంది. పరీక్షలో కుడివైపు మాట రాయాలి, తప్పదు. ఎడమవైపు మాట పక్కనే ఉంటే అది గుర్తుండటం తేలిక. ఎడమవైపు నింపడానికి అమ్మ చాలు. బడిలో టీచరు పోస్టు ఖాళీగా ఉన్నా, పుస్తకాలు ఆలస్యంగా వచ్చినా ఈ పని ఆగదు. అలాగని ఆ ఖాళీలు నింపమని అడగడం మానేయాలనీ కాదు.

ఏప్రిల్, మే తేదీలు సెలవుల్లో పోయినా రెండో అవకాశం ఉంది. తిరుగు ప్రయాణంలో సూర్యుడు చంద్రపూర్‌ను జులై 23న, బరంపురాన్ని జులై 26న, సోలాపూర్‌ను ఆగస్టు 2న, యానాంను ఆగస్టు 5, 6 తేదీల్లో, బళ్లారిని ఆగస్టు 11న, హోసూరును ఆగస్టు 19న దాటతాడు. బడులు తెరిచి ఉండే కాలమే, తరగతి మొత్తం ఆరుబయట నిలబడొచ్చు. ఎటొచ్చీ అవి వానల రోజులు. సరిగ్గా ఆ పది నిమిషాలూ మబ్బు పట్టిందంటే మళ్లీ వేసవి దాకా ఆగాల్సిందే.