నీలం తెర పడితే ఏం చేయాలి?

2024 జూలై 19. అమెరికాలోని ఆష్‌బర్న్‌లో అర్ధరాత్రి దాటి 9 నిమిషాలైంది. హైదరాబాద్‌లో అప్పుడు ఉదయం 9:39. క్రౌడ్‌స్ట్రైక్ అనే సైబర్ భద్రతా సంస్థ ఆ నిమిషంలోనే ఓ చిన్న అప్‌డేట్ వదిలింది. అది అందుకున్న విండోస్ కంప్యూటర్లు నీలం తెర వేసుకుని కూలబడ్డాయి. మళ్లీ ఆన్ చేసినా అదే నీలం.

శంషాబాద్ విమానాశ్రయంలో కొందరికి బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. మైక్రోసాఫ్ట్ లెక్కలో దెబ్బతిన్నవి 85 లక్షల కంప్యూటర్లు. ప్రపంచంలోని విండోస్ యంత్రాల్లో అవి ఒక్క శాతం కూడా కావు!

తప్పు చిన్నదే. కొత్త ఫైలు 21 విలువలు చూడబోతే, క్రౌడ్‌స్ట్రైక్ ప్రోగ్రాం దగ్గర ఉన్నవి 20. లేని 21వ దానికోసం అది మెమరీలో తనది కాని చోటికి పోయింది. మామూలు ప్రోగ్రాం అయితే అదొక్కటే మూతపడేది. ఇది విండోస్ గుండెకాయ లాంటి కెర్నెల్‌లో పనిచేసేది కాబట్టి మొత్తం వ్యవస్థనే పడగొట్టింది.

సంస్థ 78 నిమిషాల్లో అప్‌డేట్‌ను వెనక్కి తీసుకుంది. కానీ అప్పటికే పడిపోయిన వాటిలో చాలావాటి దగ్గరికి మనిషే వెళ్లాల్సి వచ్చింది.

ఆష్‌బర్న్ పరిసరాలకు ‘డేటా సెంటర్ ఆలీ’ అని పేరు. అలాంటి డేటా సెంటర్లలోని క్లౌడ్ సర్వర్‌ పడిపోతే దాని డిస్కును విడదీసి, బాగున్న మరో సర్వర్‌కు తగిలించి, పాడు ఫైలు తీసేసి మళ్లీ పాతచోటే పెట్టారు. అదంతా కూర్చున్న చోటి నుంచే. లాప్‌టాప్‌కు ఆ వెసులుబాటు లేదు. సేఫ్ మోడ్‌లో తెరిచి, ‘సి-00000291’తో మొదలయ్యే ఫైలు వెతికి చెరిపేయాలి. డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఉంటే అంతకుముందే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది గుంపులు. ఫోన్లో ఒకరు చదువుతుంటే ఇంకొకరు కొట్టాలి, ఒక్క అంకె తప్పినా కుదరదు.

ఇంట్లో లాప్‌టాప్ ఏ అప్‌డేట్ తర్వాతో మొరాయించినా దారి దాదాపు ఇదే. ముందు పెన్‌డ్రైవ్, ప్రింటర్ లాంటివన్నీ ఊడదీయాలి. ఆన్ చేశాక విండోస్ తెరుచుకుంటుండగా పవర్ బటన్ గట్టిగా నొక్కిపట్టి ఆపేయాలి. ఇలా రెండుమూడు సార్లు చేస్తే రికవరీ తెర వస్తుంది. అక్కడ ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్ వరుసగా నొక్కితే చివరి అప్‌డేట్‌ను తీసేయొచ్చు. అప్పటికీ లేవకపోతే స్టార్టప్ రిపేర్, సిస్టమ్ రిస్టోర్ ఉన్నాయి. రీసెట్ జోలికి ఆఖర్నే వెళ్లాలి. అందులో ‘రిమూవ్ ఎవ్రీథింగ్’ ఎంచుకుంటే ఫొటోలతో సహా అన్నీ పోతాయి. ఆఫీసు లాప్‌టాప్ అయితే ఇవేవీ చేయకుండా ఐటీ విభాగానికి ఫోన్ చేయడమే మేలు.

ఇప్పటి విండోస్ 11 లాప్‌టాప్‌లు చాలావరకు యజమానికి తెలియకుండానే డిస్కుకు ఈ బిట్‌లాకర్ తాళం వేసుకుని ఉంటాయి. దాని కీ సాధారణంగా మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. లాప్‌టాప్ బాగున్నప్పుడే ఆ ఖాతాలోకి వెళ్లి ఆ 48 అంకెలూ కాగితం మీద రాసుకోండి. ఆ కాగితాన్ని లాప్‌టాప్ బ్యాగులో మాత్రం పెట్టకండి.