మొద్దు అను మాటకు ముందు

మార్కుల పత్రములు ఇండ్లకు వచ్చు దినములలో మా వాకిట తల్లుల రాక హెచ్చగును. సారుతో చెప్పుకొన వెరచి మాతో చెప్పుకొందురు. మా వారి బదిలీలవెంట సూర్యాపేటలో, కోదాడలో, మిర్యాలగూడలో కాపురముండి మేము విన్న మాట యొక్కటియే: "మా పోరడు మొద్దు అమ్మా, ఎంత కొట్టినా అక్షరం వస్తలేదు."

ఈ యొక్క మాటక్రింద వేర్వేరు బిడ్డలు దాగియున్నారు. ఒకనికి నల్లబల్లమీది వ్రాత కానరాదు. ఒకనికి చెవిలో చీము కారి సగము మాట వినబడదు. ఒకడు తండాబిడ్డ, ఇంట లంబాడీమాట, బడిలో తెలుగు. వాడు తెలివి తక్కువవాడు కాడు, భాష యెరుగనివాడు. మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు పరరాష్ట్రములనుండి వచ్చిన కూలీల బిడ్డల సంగతియు నింతే. మరియొక బాలిక విన్న కథను చక్కగా మరల జెప్పును, లెక్కలు నోట జేయును, పుస్తకము దెరచినచో మాత్రము అక్షరములు కూడబలుక లేదు. ఇది అభ్యసన వైకల్యము. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము పేర్కొనిన 21 వైకల్యములలో దీనికిని స్థానము గలదు.

మేధోవైకల్యపు గుర్తు మార్కులలో గాక దినచర్యలో నుండును. నలువదిమంది నడుమ జూచెడి ఉపాధ్యాయునికంటె తల్లికే యది ముందు దెలియును. ఎనిమిదేండ్లవాడు చొక్కాబొత్తాములు పెట్టుకొనునా? అంగడికి బంపిన ఉప్పు దెచ్చి చిల్లర లెక్కచూచుకొనునా? ఎల్లపుడు తనకంటె మిక్కిలి చిన్నవారితోనే యాడుచున్నాడా? నిన్న నేర్పిన పని నేడు నిలుచునా? ఒక్కటి లోపించిన భయము లేదు. అన్నింట వెనుకబడి చాలకాలము అట్లే యున్నచో యోచింపవలెను. ఐదవ నెలకు మెడ నిలువకుండుట, తొమ్మిదవ నెలకు కూర్చుండకుండుట, పదునెనిమిదవ నెలకు నడువకుండుట, రెండేండ్లకు రెండు మాటలు కలిపి పలుకకుండుట వైద్యునికి దెలుపదగినవి. "వాళ్ల మేనమామకూ మాటలు ఆలస్యంగనే వచ్చినయి" అను అత్తగారి యూరడింపుతో ఏండ్లు గడచిపోవుట పలుమారు చూచితిమి.

ఏండ్లేల, నెలలును విలువైనవే. కొందరు శిశువులకు పుట్టుకతోనే థైరాయిడ్ గ్రంథి సరిగా పనిచేయదు. మొదటి దినములలో మడమనుండి తీసిన రక్తపుచుక్కతో నెరిగి మాత్ర మొదలిడినచో బుద్ధి చెడకుండ గాపాడవచ్చును. ఆలస్యమైన పిమ్మట నదే మాత్ర ఆ లోటును పూర్తిగా దీర్పజాలదు. జ్ఞాపకశక్తికని యమ్మెడు సీసాల సంగతి యడుగనే వలదు.

పేరు పెట్టుట మనపని గాదు, ఉపాధ్యాయులదియు గాదు. ముందు కన్ను, చెవి చూపించి, పిమ్మట మనస్తత్త్వ నిపుణునిచే పరీక్ష చేయింపవలెను. ప్రజ్ఞాలబ్ధి ఇంచుమించు 70కి లోబడుట యొక్కటియే చాలదు, నిత్యజీవనపు నేర్పును దానితో జూతురు. 1905లో పారిసునందు బినే యను పండితుడు ఇట్టి పరీక్షను గల్పించినది, ఎవరికి అదనపు సాయము గావలెనో తెలిసికొనుటకే. సికిందరాబాదులో 1984లో ఇందుకై యొక జాతీయసంస్థ నెలకొన్నది.

2013 నుండి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమపు వైద్యబృందములు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుమార్లు, సర్కారు బడులకు ఒకమారు వచ్చు ఏర్పాటు గలదు. ఆ దినముననే బిడ్డను దాచెడి యిండ్లున్నవి! అక్కపెండ్లి సంబంధము చెడునని తమ్ముని వెనుకగదిలో నుంచిన యింటిని మేమెరుగుదుము. పదునాల్గవ యేట గాని వాడు భవిత కేంద్రపు గడప ద్రొక్కలేదు. ఏడాదిలో స్నానము తానే చేసికొనుట, తన పేరు గుర్తించుట, కూరగాయలు తూచుట నేర్చెను. అక్కపెండ్లియు జరిగినది. నలువదిపాళ్లకు తగ్గని వైకల్యము గల బిడ్డకు ఆరవయేటినుండి పదునెనిమిదవ యేటివరకు ఉచితవిద్య హక్కని పై చట్టమే చెప్పుచున్నది. ఆ బాలునికి ఎనిమిదేండ్లు నష్టమైనవి.

పరీక్షకు వెళ్లునపుడు పుట్టిననాటి ఆసుపత్రి కాగితములు వెంట గొనిపోవుడు. పుట్టగానే ఏడ్చెనా, పసితనమున మూర్ఛలు వచ్చెనా, ఎప్పుడు నడచెను, తనంతట నేమి చేసికొనగలడు అనునవి ముందే యొక కాగితమున వ్రాసికొనుడు. అక్కడ అన్నింటికంటె ముందు అడుగునవి యివియే.