నీడ రాలిన అడవిలో మల్లన్న దారి

ఉగాదికి ముందు వారంలో నల్లమలలో చెట్లుంటాయి, నీడ ఉండదు. ఇది ఆకురాల్చే అడవి. టేకు, చిరుమాను, నల్లమద్ది, తపసి అన్నీ మాఘం వెళ్లేసరికి ఆకు దులిపేసి, నేలలో మిగిలిన కాస్త తడితో వేసవి గడపడానికి సిద్ధమవుతాయి. మోదుగ మాత్రం ఆకు లేకుండానే ఎర్రగా పూస్తుంది. కింద నంద్యాల, ఆత్మకూరు పల్లెల్లో ఎండ 40 డిగ్రీలను తాకే రోజులవి. సరిగ్గా అప్పుడే వేలాది మంది ఈ కొండల మీదుగా కాలినడకన శ్రీశైలం వెళ్తారు. దారి పొడవునా తెలుగు కన్నా కన్నడమే ఎక్కువగా వినిపిస్తుంది.

బాగలకోట, విజయపుర, బెళగావి, కలబురగి, రాయచూరు వైపు నుంచి వస్తారు. షోలాపూర్ నుంచీ వస్తారు. సొంతూరి గడప దగ్గరే నడక మొదలుపెట్టి వందల కిలోమీటర్లు దాటి వచ్చేవాళ్లూ ఉన్నారు. వాళ్లకు భ్రమరాంబ ఇంటి ఆడబిడ్డ, మల్లన్న అల్లుడు. కొత్త సంవత్సరానికి కూతురికి చీర, సారె పెట్టడానికి బయల్దేరిన పుట్టింటివాళ్లు వీళ్లు. అందుకే ఎండ ఎంత ఉందని ఎవరూ అడగరు. పండక్కి బిడ్డను చూడ్డానికి వెళ్లేవాళ్లు ఎండా వానా చూస్తారా?

ఆత్మకూరు దాటి వెంకటాపురం దగ్గర అడవిలో అడుగుపెడితే నాగలూటి వీరభద్రుడి గుడి, పెద్దచెరువు, మఠంబావి, భీముని కొలను, కైలాస ద్వారం మీదుగా సాగే బాట ఇది. అడవి దారి 40 కిలోమీటర్లకు అటూఇటూగా ఉంటుంది. ఘాట్ రోడ్డు పడకముందు పడమటి నుంచి వచ్చే యాత్రికులకు పెద్ద దారి ఇదే. కల్యాణ పట్టణం విడిచి మల్లికార్జునుణ్ని వెతుక్కుంటూ వచ్చిన శివభక్తురాలు అక్కమహాదేవి కథ ఇక్కడ నడిచే ప్రతి కన్నడ ఇల్లాలికీ తెలుసు. మన పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో ఈ పర్వతానికి ఒక ప్రకరణమే కేటాయించాడు. 14వ శతాబ్దంలో కొండవీటి ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ, అహోబిలానికీ మెట్లు కట్టించాడు. ఒక రాజు మెట్లు కట్టించాడంటే అప్పటికే ఆ దారిన జనం ఎంత కష్టపడుతూ నడిచేవారో ఊహించవచ్చు.

ఎక్కువమంది మొదటి రాత్రి పెద్దచెరువు దగ్గర పడుకుంటారు. చెరువు, పక్కనే చెంచుగూడెం, యాత్ర రోజుల్లో వేసే పందిళ్లు ఉంటాయి. అసలు పరీక్ష మర్నాడు. తెల్లవారక ముందే లేచి, కొండలెక్కి దిగి, చీకటి పడేలోగా శ్రీశైలం చేరాలి. బాగలకోట దగ్గరి పల్లె నుంచి వచ్చిన గుంపుతో కలిసి ఆ పగలంతా నడిచాను. ముప్పై మంది దాకా ఉన్నారు. ఆదోని పత్తి మిల్లులో కొన్నేళ్లు పనిచేసిన కుర్రాడొకడు వాళ్ల మాట నాకు, నా మాట వాళ్లకు చేరవేశాడు.

చీకట్లోనే ఒక అవ్వ కాళ్లు చాపుకుని కూర్చుంది. మనవరాలు సెల్‌ఫోన్ లైటు పట్టుకుంటే, పాత పంచె చింపిన పేలికలను ఆముదంలో తడిపి ఒక్కో వేలికీ చుట్టుకుంటోంది. బొటనవేలికి రెండు చుట్లు, చిటికెన వేలికి ఒకటి. వేలూ వేలూ ఒరుసుకోకుండా మధ్యలో సన్నటి మడత. మడమ మీద పగుళ్లను బొటనవేలితో నొక్కి, నొప్పి ఉన్నచోట ఇంకొంచెం ఆముదం రాసింది. ఆ పని ముగిసేదాకా గుంపు కదల్లేదు. తొందరపెట్టినవాళ్లూ లేరు.

నడక వరసకూ ఒక పద్ధతి ఉంది. ముందు కంబి, అంటే మల్లయ్య పేర భుజాన మోసే కావడి, మోసేవాళ్లు, వాళ్ల వెనకే ముసలివాళ్లు, పిల్లలు. వయసులో ఉన్నవాళ్లంతా చివర. కంబి ఆగితే అందరూ ఆగాలి. ఆ కంబి నడిచే వేగం ముసలివాళ్ల వేగమే. పడుచువాళ్లు ముందు వెళ్లి నీళ్లూ నీడా చూసిపెట్టవచ్చు కదా అని గుంపు పెద్ద అజ్జను (తాతను) అడిగాను. ‘‘వాళ్లు ముందు పోతే, ఈ అవ్వ కూలబడితే ఎత్తుకునేదెవరు తాయీ?’’ అన్నాడు. కొండెక్కే పద్ధతుల మీద ఇంతకన్నా పనికొచ్చే మాట నేను వినలేదు.

మూటల్లో కటిక రొట్టె, వేరుశనగ పొడి, వెర్రినువ్వుల పొడి, ఉల్లిపాయలు ఉన్నాయి. తడి లేకుండా కాల్చిన జొన్నరొట్టె అప్పడంలా విరుగుతుంది, ఎండకు పాడవదు. పొడుల్లో ఉప్పు దండిగా ఉంటుంది. దారిలో దాతల పందిళ్లలో అంబలి, మజ్జిగ పోస్తారు. జొన్న, ఉప్పు, మజ్జిగ అని ముచ్చటగా చెప్పుకుంటాం గానీ, వేసవి నడకకు కావలసినవన్నీ అందులో ఉన్నాయి.

ఎందుకో చెప్పాలంటే చెమట సంగతి చూడాలి. చర్మం వేడి సుమారు 35 డిగ్రీలు. గాలి అంతకన్నా వేడెక్కితే ఒంటిని చల్లబరిచే మార్గం ఒక్కటే మిగులుతుంది, చెమట ఆరడం. కొండెక్కే మనిషి గంటకు లీటరు దాకా చెమట పోగొట్టుకోవచ్చు. నల్లమల మార్చి గాలి పొడిగా ఉంటుంది కనుక చెమట పట్టినట్టే తెలియదు. పుట్టీ పుట్టగానే ఆరిపోతుంది. చొక్కా తడవలేదు కదా, నాకేమీ కాలేదు అనుకుంటారు. చొక్కా మీద తెల్లటి ఉప్పు చారలు కనిపించేసరికి చాలా నష్టం జరిగిపోయి ఉంటుంది. పోయిన ఉప్పు భర్తీ చేయకుండా ఉత్త నీళ్లే కడవలకొద్దీ తాగడమూ ప్రమాదమే. రక్తంలో సోడియం పలచబడి తలనొప్పి, వాంతులు, మగత మొదలవుతాయి. ఓఆర్ఎస్ పొట్లం లేనప్పుడు లీటరు కాచిన నీటికి ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కొలిచి కలుపుకుంటే సరిపోతుంది. వయసు మళ్లినవాళ్లకు దాహం ఆలస్యంగా తెలుస్తుంది. రక్తపోటుకు మూత్రం జారీ చేసే మాత్రలు వాడేవాళ్లయితే డాక్టరును అడగకుండా ఈ నడకకు రాకూడదు.

భీముని కొలను దగ్గర ఇదంతా కళ్లారా చూశాను. అక్కడ దారి నిట్టనిలువుగా లోయలోకి దిగి, అవతల అంతే నిలువుగా పైకి లేస్తుంది. రెండు వైపులా బండరాళ్లే. గాలి ఆడదు. పొద్దుటి నుంచి కాగిన రాయి మధ్యాహ్నానికి పైనుంచి సూర్యుడు చాలడన్నట్టు పక్కల నుంచీ సెగ కొడుతుంది. మెట్ల ఎత్తు ఒకేలా ఉండదు. ఒకటి జానెడు ఉంటే పక్కది మోకాలి దాకా ఉంటుంది. తరతరాల పాదాలకు కొన్ని అద్దంలా నునుపెక్కాయి. మా గుంపు పన్నెండు కాకముందే లోయ అడుగున ఆగిపోయింది. ఎండ వాలేదాకా కదిలేది లేదన్నాడు అజ్జ.

అలా ఆగి ఉండబట్టే ఎదురుగా మెట్ల మీద కూలబడ్డ కుర్రాణ్ని చూశాం. ఖరీదైన బూట్లు, వీపున సంచి, చేతికి అడుగులు లెక్కపెట్టే గడియారం ఉన్నాయి. స్నేహితులతో కలిసి ఒక్క పగలులోనే మొత్తం దారి ముగించాలని బయల్దేరాడట. వాళ్లు ముందు వెళ్లిపోయారు. పేరడిగితే ఊరు చెబుతున్నాడు, ఊరడిగితే ఏదో గొణుగుతున్నాడు. చర్మం పొయ్యి పక్కన పెట్టిన గిన్నెలా కాలిపోతోంది. నలుగురు పట్టుకుని బండ నీడలోకి చేర్చారు. బూట్లు, చొక్కా విప్పారు. ఆడవాళ్లు తువ్వాళ్లు తడిపి మెడ కింద, చంకల్లో, గజ్జల్లో పెట్టారు. ఇద్దరు అట్టముక్కలతో విసురుతూనే ఉన్నారు. నోట్లో నీళ్లు పోయబోయిన ఒకావిణ్ని అవ్వ ఆపింది, తెలివి పూర్తిగా రాకుండా పోస్తే పొలమారుతుందని. మాట తిన్నగా వచ్చాకే మజ్జిగ గుక్క గుక్కగా పట్టారు. తర్వాత వైద్య శిబిరానికి మోసుకెళ్లారు.

ఒంట్లో వేడి 40 డిగ్రీలు దాటి మాట తడబడితే అది వడదెబ్బ. ఆస్పత్రికి చేర్చాలి, కానీ అంతకన్నా ముందు ఉన్నచోటే చల్లబరచాలి. ఆ మొదటి అరగంటే ప్రాణం నిలబెడుతుంది. ఆ అరగంట పక్కన మనిషి ఉండాలి. ఆ కుర్రాడికి కండబలం తక్కువ కాలేదు, పక్కన తనవాళ్లు లేకపోయారు. ఈ దారిని గంటల లెక్కన గెలవాలనుకునే కొత్త అలవాటు మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. ఎవరి సత్తా వాళ్లు తేల్చుకోవాలనుకుంటే కార్తీకంలో వేరే కొండలు చాలా ఉన్నాయి. ఉగాది ఎండలో వెనకవాణ్ని వదిలేసి నడిచే గుంపును గుంపు అనకూడదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. నడిచేది నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంలో. 1983 నుంచి ఇది ప్రాజెక్ట్ టైగర్‌లో ఉంది. మూడు వేల చదరపు కిలోమీటర్లకు పైబడి, దేశంలోని అతిపెద్ద పులుల అభయారణ్యాల్లో ఒకటిగా పేరు తెచ్చుకుంది. ఈ రోజుల్లో గడ్డి పేలపిండిలా ఉంటుంది, ఒక్క బీడీ ముక్క కొండను అంటిస్తుంది. తపసి జిగురు తీసి గిరిజన సహకార సంస్థకు అమ్ముకునే చెంచులకు ఆ మంట బతుకుదెరువు మీద దెబ్బ. తాగి పారేసిన నీళ్ల ప్యాకెట్లు మెట్ల పక్కన గుట్టలుగా పడి ఉంటే ప్రాణం ఉసూరుమంటుంది. పందిళ్లలో గ్లాసులు, కుండలు పెడుతున్న దాతలూ ఉన్నారు. అందరూ అలా చేయడం కష్టమేమీ కాదు. భీముని కొలను నుంచి పైకెక్కే చోట తడికెల నీడ, మెట్టు మెట్టుకూ కాకపోయినా మలుపుకొకటిగా వేస్తే ఎంతమంది ప్రాణాలు తెరిపిన పడతాయో! నడిమధ్యాహ్నం ఆ లోయలోకి ఎవరినీ దిగనీయకుండా ఆపే మనుషులు కూడా కావాలి.

ఎండ వాలాక మా గుంపు లేచింది. పది మెట్లెక్కడం, నిలబడడం, మళ్లీ పది. అవ్వ ఒక చేయి మనవరాలి భుజం మీద, మరో చేయి తన మోకాలి మీద పెట్టుకుని ఎక్కింది. కైలాస ద్వారం దగ్గర అజ్జ కంబిని ఆపించి మనుషుల్ని లెక్కపెట్టాడు. ఇద్దరు తగ్గారు. శిబిరం దగ్గర ఆ కుర్రాడి స్నేహితులు వచ్చేదాకా ఉండిపోయిన ఆదోని కుర్రాడు, అతని మేనమామ. శ్రీశైలం ఇంకా కొన్ని కిలోమీటర్లుంది, పొద్దు గూకుతోంది. అయినా అందరూ మూటలు దించి కూర్చున్నారు. ఎవరో డోలు అందుకున్నారు, మల్లయ్య పాట మొదలైంది. ఇద్దరూ రొప్పుతూ పైకొచ్చి, అజ్జ మళ్లీ మొదటి నుంచి తలలు లెక్కపెట్టి సరిపోయిందన్నాకే కంబి భుజానికెక్కింది.