కర్షక సహాయము - కౌలుదారు

2020వ సంవత్సరమున కరోనా మహమ్మారి ప్రబలినపుడు అమెరికా ప్రభుత్వము తన కర్షకులకు పంచిన ధనము స్వల్పమైనది కాదు. ఆ యేప్రిలు నెలలో ప్రకటించిన పథకమున కర్షకులకు నేరుగా నిచ్చుటకు 1,600 కోట్ల డాలర్లు కేటాయింపబడెను. సెప్టెంబరులో మఱి 1,400 కోట్ల వఱకు చేర్పబడెను. ఈ పంపకము జరిగిన తీరు మన భూస్వాములును, పట్టణవాసులును పరిశీలింపదగినదని మా యభిప్రాయము.

ఐయోవా రాష్ట్రములోని సూ కౌంటీ పందుల పెంపకమునకును, పశుపోషణమునకును పేరుగాంచిన గ్రామీణ ప్రాంతము. దానికి చేరువనే, దక్షిణ డకోటాలోని సూ ఫాల్స్ పట్టణమున, దేశపు పందిమాంసములో నూటికి నాలుగైదు పాళ్లు తయారుచేయు కార్ఖానా యొకటి గలదు. పనివారికి వ్యాధి సోకుటచే అది 2020 ఏప్రిలులో మూతపడెను. కొనువారు లేక, మేపుటకు స్థోమతు చాలక, ఐయోవా, మిన్నెసోటా రాష్ట్రములలో పెంపకందార్లు కొందఱు తమ పందులను తామే చంపుకొనవలసి వచ్చెను. ఇట్టి విపత్తులో ప్రభుత్వ మాదుకొనుట ధర్మమే. దానిని మే మాక్షేపింపము.

మా యాక్షేపణ కొలమానమును గూర్చియే. ఏప్రిలు 15వ తేదీలోపల అమ్మిన బలిసిన పశు వొక్కింటికి 214 డాలర్లు నిర్ణయించిరి. ఆ పిమ్మట చేతనున్న పశువునకు 33 డాలర్లు మాత్రమే. కబేళాలు మూతపడి అమ్ముకొనజాలక నిలిచినవానికే తక్కువ దక్కెను! తలల లెక్కన నిచ్చుటచే మంద పెద్దదైనకొలది సొమ్మును పెద్దదయ్యెను. మనిషికి 2,50,000 డాలర్ల పరిమితి యున్నను, కొన్ని కంపెనీలకు 7,50,000 వఱకు వీలు గల్పించిరి.

అయినను ఆ పథకమున మెచ్చదగిన సూత్ర మొకటి గలదు. నష్టము భరించువానికే సహాయము. రొక్కపు మక్తాకు భూమి నిచ్చిన యజమానికి అర్హత లేదు. పాలికిచ్చి నష్టమున భాగము పంచుకొనువానికి ఆ భాగము మేరకు గలదు.

మన దేశమున నిందుకు విరుద్ధము. అదే యేప్రిలున కిసాన్ సమ్మాన్ నిధి వాయిదా 2,000 రూపాయలు ముందుగానే చెల్లించిరి. అది భూమి తన పేరనున్న రైతునకే. తెలంగాణమున 2018లో నారంభమైన రైతుబంధును ఎకరముల లెక్కన పట్టాదారునకే చెందెను. ఆంధ్రప్రదేశమున మాత్రము 2019లో కొన్ని వర్గముల కౌలుదార్లను సహాయమున చేర్చిరి. గోదావరి, కృష్ణా డెల్టాలలో చేలు దున్నువా రెవ్వరో మా పాఠకు లెఱుగుదురు. అప్పు తెచ్చి ఎరువు చల్లి, ధర పడినపుడు మునుగువాడు కౌలుదారు. సహాయము చేరునది పట్నమున వసించు పట్టాదారు ఖాతాకు.

కౌలు కాగితమెక్కినచో భూమి చేజారునని భూస్వాములు భయపడుచున్నారు. ఈ భయమును పరిహసించుట న్యాయము కాదు. కాని ఆంధ్రప్రదేశమున 2019లో చేసిన పంటసాగుదారుల హక్కుల చట్టము ఈ భయమును గుర్తించియే రూపొందెను. ఆ చట్టము ప్రకారము ఒప్పందము పదునొకండు నెలలకు మాత్రమే. పంటపైనే గాని భూమిపై కౌలుదారునకు హక్కు కలుగదు. అయినను యజమాని సంతకము లేనిదే ఆ పత్రము పుట్టదు. భూమి చెక్కుచెదరదని చట్టమే పలుకుచుండ, సంతకమునకు వెనుదీయుట మన భూస్వాములకు శోభించునా? నష్టము మోయువాని పేర నష్టపరిహారము వ్రాయించుట దానము కాదు, న్యాయము.